నిద్రపోయాక పాడే చరణం

నాకు యాభై ఏడో ఏడు నడిచేదాకా అక్షరాలు రావు. బడికి వెళ్లాల్సిన వయసులో నా చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేవారు. మా అమ్మానాన్నలు రంగూన్ నుంచి ఓడలో వచ్చి విశాఖపట్నంలో దిగితే, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో ఒక రేకుల పాక ఇచ్చారు. నేను అక్కడే పుట్టాను. అమ్మ బర్మా నూడుల్స్ బండి పెట్టింది, పిల్లల్ని నేను చూశాను, అమ్మ తర్వాత బండి నాకొచ్చింది. అందుకని ఎక్కడికి వెళ్లొచ్చినా నోటితో చెప్పడమే కానీ రాయడం తెలియదు. ఇప్పుడు మొదటిసారి రాస్తున్నాను. మా క్యాంపులో చాలా ఇళ్లలో "ఒక్కసారి రంగూన్ చూసి రావాలి" అనే మాట ఇంకా ఉంది కాబట్టి దారి సంగతులు కూడా ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. రంగూన్‌ని ఇప్పుడు యాంగాన్ అంటారు.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది దమయంతి దీదీ. ఆమె సింధీ ఆవిడ. రంగూన్‌లో వాళ్ల నాన్నకు బట్టల దుకాణం ఉండేది, దానిపై అంతస్తులో ఆమె పుట్టింది. చిన్నతనంలోనే అక్కడి సర్కారు దుకాణాలన్నీ తీసేసుకుంటే వాళ్లూ మా వాళ్లలాగే ఓడెక్కారు. మా వాళ్లకి దిగాక చెప్పుకోవడానికి ఒక ఊరుంది. వాళ్ల ఊరున్న సింధు దేశం అప్పటికే వేరే దేశమైపోయింది. బొంబాయి అవతల కాందిశీకుల క్యాంపులో పెరిగింది. పెళ్లిళ్లలో పాడే సింధీ పాటలు ముసలమ్మల దగ్గర నేర్చుకుని పాడింది, సొంతంగా కవితలు రాసింది, చదువుకుని టీవీలో కార్యక్రమాలు తీసే ఉద్యోగంలో చేరింది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఊరూరా తిరిగి ఆడవాళ్ల పాటలు పట్టుకుంది.

అలాగే ఇరవై ఏళ్ల కిందట మా క్యాంపుకి వచ్చింది. చిన్నప్పుడు రంగూన్‌లో పట్టుబడిన తెలుగులో "మీదీ క్యాంపే, మాదీ క్యాంపే" అంటూ నా బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నేను పాడాను. పాడటానికి ముందు ఆమె ఒక పని చేసింది. అందరినీ ఒక నిమిషం మాట్లాడొద్దని, ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంది. మా ఆడపడుచు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏటమ్మా, ఏటీ లేనిదాన్ని కూడా పట్టికెల్తారా?" అని ఆమే అడిగితే దీదీ నవ్వలేదు. "ప్రతి చోటుకీ దాని నిశ్శబ్దం దానికుంటుంది. పాట కింద అది పరచకపోతే పాట గాల్లో వేలాడుతుంది" అంది. ఎక్కడికి వెళ్లినా పని మొదలుపెట్టే పద్ధతి అదేనట.

చివర్లో అనుమతి కాగితం మీద వేలిముద్ర వేశాను. అందులో ఏముందో నాకెవరూ చదివి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ కార్యక్రమం టీవీలో వచ్చిన రోజు నా ముఖం కింద నా పేరు వచ్చిందని మా అబ్బాయి అరిచాడు. ఎక్కడ, ఏది అని నేను వెతుక్కునేలోగా అది వెళ్లిపోయింది. చాలా ఏళ్ల తర్వాత మా క్యాంపు సంఘం గదిలో పెద్దవాళ్లకి సాయంత్రం చదువు క్లాసు పెట్టిన రోజు అందరికంటే ముందు నేను వెళ్లి కూర్చోవడానికి కారణం అదే. రాయడం వచ్చాక మొదటి ఉత్తరం దీదీకే రాశాను. ఆమె దాన్ని ఎవరిచేతో చదివించుకుని, ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. "నువ్వు ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నావు. నేను సింధీలో రాసిన కవితలు నా పిల్లలే చదవలేరు, వాళ్లకి ఆ లిపి రాదు" అంది.

తర్వాత ఆమెకు గొంతు ఆపరేషన్ అయింది. ఇప్పుడు మాట్లాడితే ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టుంటుంది. పాట పూర్తిగా పోయింది. పోయిన చలికాలం ఆ గొంతుతోనే ఫోన్ చేసింది.

"నరసమ్మా, నాకు రంగూన్‌లో ఒక ఆయా ఉండేది. తెలుగు మనిషి, సింహాచలమ్మ. పగలు రేవులో బియ్యం మోసి, సాయంత్రం మా ఇంటికొచ్చి నన్ను నిద్రపుచ్చేది. రేవు పాటనే జోలగా పాడేది. రెండు చరణాల ముక్కలు నాకు తెలుసు. మూడోది ఉంది. అది మొదలయ్యేసరికి నిద్రలోకి జారిపోయేదాన్ని. ఒక్కరోజూ వినలేదు."

ఆమె గుసగుసగా పలికిన ఆ మాటల ముక్కల్ని మా అబ్బాయి ఫోన్‌లో అందరికీ పంపాడు. మా క్యాంపు వాళ్లకి యాంగాన్‌లో ఇంకా చుట్టాలున్నారు. అక్కడ ఒకరి నుంచి ఒకరికి వెళ్లి, నెల తిరక్కుండా జవాబొచ్చింది. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో శ్రీదేవి అనే అమ్మాయి, ఇది మా అమ్మమ్మ పాట అంది. ఆ అమ్మమ్మ పేరు పైడమ్మ. సింహాచలమ్మ కూతురు.

"నువ్వూ రావాలి" అంది దీదీ. "పాట దొరికితే పెట్టుకోవడానికి ఒక గొంతు కావాలి. నాది లేదు. నువ్వు ఒక్కసారి వింటే నేర్చుకుంటావు. నీ గొంతు కావాలి."

ఇక ప్రయాణం.

వీసా ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు, వచ్చిన కాగితం మాత్రం రెండు కాపీలు తీసి దగ్గరుంచుకోండి. డాలర్లు కొత్త నోట్లు పట్టుకెళ్లండి, మడత పడితే అక్కడ తీసుకోరు. నేను పుస్తకం అట్టల మధ్య పెట్టి, ఆ పుస్తకాన్ని చీరల మధ్య పెట్టుకున్నాను. సాయంత్రం మెయిల్లో విశాఖపట్నం నుంచి హౌరా బయల్దేరాను. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాను. ఎదుటి బెర్తులో ఇచ్ఛాపురం ఆవిడ నా కాగితం చూసి, "బర్మా ఎల్తన్నావా? ఒక్కర్తివేనా? మీవోల్లు ఎలా వదిలీనారు?" అంది.

"నన్ను పట్టుకున్నోల్లు ఎవులు, వదలడానికి?" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి నాకు రెండు జంతికలు పెట్టింది. ఒడిశా స్టేషన్లు వస్తుంటే బోర్డుల మీద తెలుగు అయిపోయేదాకా ఒక్కోటీ చదువుకుంటూ కూర్చున్నాను. తెలుగు అయిపోయాక నిద్రపోయాను.

మర్నాడు కలకత్తా విమానాశ్రయంలో దీదీ కలిసింది. మనిషి సగమైంది. భుజానికి అదే పాత గుడ్డ సంచి, అందులో అరచేతిలో పట్టే రికార్డర్. "కెమెరా తేలేదు. వీధుల్లో తీస్తే ఇబ్బంది. ఇంట్లో కూర్చుని మాట, పాట, అంతే" అంది. మీరు వెళ్లినా అదే చేయండి, పోలీసులు, సైనికులు ఉన్నచోట ఫోన్ పైకెత్తకండి. విమానం రెండు గంటల్లో దిగుతుంది. గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. నా పక్క సీటులో కూర్చున్న బర్మా పెద్దాయన హిందీలో, "మొదటిసారా?" అని అడిగాడు. "మా అమ్మ వెళ్లిపోయింది, నేను వస్తున్నా" అన్నాను. ఆయన కిటికీ సీటు నాకిచ్చాడు. మేఘాలు విడిచేసరికి కింద గోధుమరంగు నది, వరిచేలు, ఎండలో మెరిసే పగోడా శిఖరాలు. శ్రీకాకుళం మీంచి ఎగురుతున్నట్టే అనిపించింది, ఆ శిఖరాలొక్కటే తేడా.

రైల్వే స్టేషన్‌కి దగ్గరలో మూడంతస్తుల లాడ్జిలో దిగాం. లిఫ్ట్ ఉందని చెప్పారు, కరెంటు లేదని చెప్పలేదు. ఊరంతా కరెంటు వంతులవారీగా వస్తుంది. పోయినప్పుడు ప్రతి దుకాణం ముందూ ఒక జనరేటర్ మొదలవుతుంది. రంగూన్ ఎలా ఉంటుందో అమ్మ చాలా చెప్పింది కానీ, ఈ చప్పుడు ఆమె కాలంలో లేదు.

పొద్దున వీధి చివర పీటల మీద కూర్చుని మొహింగా తిన్నాం. అరటిదవ్వ వేసిన చేపల పులుసులో సన్నటి బియ్యపు సేమ్యా. మేం ఇన్నేళ్లుగా బండి మీద అమ్ముతున్నది దీనికి దూరపు చుట్టమని అప్పుడు తెలిసింది. అమ్మే ఆవిడ మరో గరిటె పోస్తూ ఏదో అంది. పక్కన ఉన్నాయన హిందీలో చెప్పాడు. నా ముఖం చూసి, ఈవిడ తినడం లేదు, పరీక్ష చేస్తోంది అందట.

తొమ్మిది గంటలకి శ్రీదేవి వచ్చింది. ఫోన్లు అమ్మే దుకాణంలో పని చేస్తుంది, మాకోసం సెలవు పెట్టింది. బర్మా లుంగీ, బుగ్గల మీద పసుపుతెలుపు పూత. బయట బర్మా వాళ్ల నోట ఆమె పేరు తీరీ. "ఆంటీ, సా ప్యీ బీ లా? అంటే తిన్నారా అని" అంటూ మొదలుపెట్టింది. "నాకు తెలుగు అర్థం అవుతాది. మాట్లాడితే మిక్సింగ్ అయిపోద్ది. నవ్వకూడదు."

"నేనూ అచ్చరాలు ఈమధ్యే నేర్చాను. నువ్వూ నవ్వకు" అన్నాను.

పైడమ్మ ఇల్లు ఇరుకు మెట్లెక్కి మూడో అంతస్తు. ఒకే పొడుగాటి గది, చివర వీధి మీదికి చిన్న వసారా. ఆమె చాప మీద కూర్చుని ఉంది. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. నన్ను చూసి "రామ్మా" అంది. దీదీని మాత్రం కింద నుంచి పైదాకా, పట్టుచీర అంచు కూడా వదలకుండా చూసింది.

"నువ్వేనా దమ్మీవి?"

ఆ ముద్దుపేరుతో దీదీని ఎవరైనా పిలిచి అరవై ఏళ్లు దాటింది. ఆమె కళ్లు చెమర్చాయి. తల ఊపింది.

"ఊ" అంది పైడమ్మ. "బొద్దుగుంటావని సెప్పీది మాయమ్మ. ఏటిలా ఎండిపోనావు?"

టీ తాగాం. దీదీ రికార్డర్ చాప మీద పెట్టింది. నేను సంచిలోంచి కొత్త కాగితాలు, పెన్ను తీశాను. పాట నా చేతిరాతలో ఉండబోతోందని నాకు గర్వంగా ఉంది. పైడమ్మ మొదలుపెట్టింది.

*పడవొచ్చె పడవొచ్చె రేవుకాడికి*
*బారులై రారమ్మ బస్తాలకాడికి*
*బుజమా నా బుజమా కాయకే సెల్లీ*
*బుగ్గల పాపాకు జోలపాట తల్లీ*

ఇక్కడ కరెంటు పోయింది. కిందనున్న దుకాణాల్లో ఒకటి, రెండు, నాలుగు జనరేటర్లు అందుకున్నాయి. నేల అదిరింది. పైడమ్మ ఆగలేదు, ఆగితే మళ్లీ ఊపిరి కూడదీసుకోవాలనేమో.

*మూట దించేసరికి ముచ్చెమటలు పోసె*
*నిన్నెత్తుకుంటేను నీరెండ కాసె*
*సుక్కల్ని లెక్కెట్టి సూరు కింద తొంగో*
*దమ్మీ నా దమ్మీ దుప్పట్ల తొంగో*

నేను తల ఎత్తలేదు. 'ముచ్చెమటలు'కి ఒత్తు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ గబగబా రాశాను. రాయడం అయ్యేసరికి పాట అయిపోయింది.

దీదీ ముందుకు వంగింది. "తర్వాత?"

"తరవాతేటి? పిల్ల తొంగుంది. ఇంకెవులికి పాడతారు?" అని పైడమ్మ చాప మీద వాలిపోయింది. "ఆయాసం. రేపు రండి."

లాడ్జికి వచ్చి దీదీ చెవికి పెట్టుకుని విన్నది. జనరేటర్ల మోతలో ఎక్కడో పురుగు కూసినట్టు పైడమ్మ గొంతు. రికార్డర్ పక్కన పెట్టేసి, "నువ్వు పాడు" అంది.

కాగితం తీశాను. ప్రతి మాటా ఉంది, ఒక్క అక్షరం తప్పు లేదు. పాడబోతే రాగం రాలేదు. రెండో చరణంలో ఆమె గొంతు ఎక్కడో కిందికి దిగి, ఆగి, మళ్లీ లేచింది. ఎక్కడ దిగిందో, ఎంతసేపు ఆగిందో నాకు తెలియలేదు. అక్షరాలు రానప్పుడు ఎన్ని వందల పాటలు ఒక్క వినికిడితో పట్టుకున్నానో. బండి దగ్గర ఉల్లిపాయలు కోస్తూ రోడ్డు మీద పోయే బిచ్చగాడి పాట కూడా వదలని చెవి నాది. అప్పుడు చెవి తప్ప వేరే ఏమీ లేదు కనుక అది పని చేసింది. ఈరోజు కన్ను కాగితం మీదుంటే చెవి సెలవు తీసుకుంది.

దీదీ నా ముఖం చూసి నవ్వింది. "రెండు యంత్రాలు తెచ్చుకున్నాను, రెండూ పట్టుకోలేదు."

నాకు నవ్వు రాలేదు. మాకిక మిగిలింది ఒక్కరోజే, ఎల్లుండి విమానం. పైడమ్మ ఆయాసం చూశాక, దీదీ ఒళ్లు చూశాక, మళ్లీ వద్దాంలే అని ఎవరం అనుకోగలం? మూడో చరణం ఉందో లేదో కూడా తెలియదు.

సాయంత్రం శ్రీదేవి ఫోన్ చేస్తే సంగతి చెప్పాను. "అయ్యో ఆంటీ, పెన్ను పట్టుకుని ముందు కూర్చుంటే అమ్మమ్మ పాడదు. ఇంటర్వ్యూ లాగా ఉంటాది కదా. తనకా తీసినప్పుడు పాడతాది, డైలీ. ఇంకో పార్ట్ ఉంది. పక్కా ఉంది. నాకు మీనింగ్ తెలీదు, వింటాను అంతే."

తనకా అంటే శ్రీదేవి బుగ్గల మీద చూసిన ఆ పూత. ఒక చెట్టు బెరడును నీళ్లు చిలకరించిన గుండ్రటి రాయి మీద గంధంలా అరగదీస్తారు. ఎండకు చల్లదనం. పైడమ్మ ప్రతిరోజూ మధ్యాహ్నం మనవరాలికి, పక్కింటి వాళ్లకి కూడా తీసిపెడుతుందట.

మర్నాడు నేను కాగితాలు లాడ్జిలోనే వదిలేశాను. మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి వెళ్లాం. కరెంటు లేదు, జనరేటర్లు మోగుతున్నాయి. పైడమ్మ వసారాలో రాయి ముందు కూర్చుంది. పలకరింపులయ్యాక దీదీ పాట అడగబోతే నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"అప్పా, ఇలా ఇయ్యి, నేను తీత్తాను" అన్నాను. మా వైపు అప్పా అంటే అక్కా అని.

"నీకొచ్చా?"

"గందం తీసినట్టే కదా."

"గందం తీసినట్టు తీస్తే మట్టి వొస్తాది" అని బెరడు ముక్క నా చేతిలో పెట్టింది. "బరువెయ్యకు. పక్కకి తిప్పు. నీల్లు సాలవు. ఎవులు నేర్పీనారే నీకు పని? బుజం కదపాల, మనికట్టు కాదు. మాయమ్మ రేవులో బస్తా ఎత్తినట్టు... ఆ... అలాగ."

భుజం కదిలింది. రాయి మీద బెరడు చప్పుడు జరజరమని ఒక వరసలో పడింది. పైడమ్మ ఖాళీగా ఉండలేక ఒక పళ్లెంలో బియ్యం తెచ్చుకుని ఏరడం మొదలుపెట్టింది. "సేతులు కాళీగుంటే గొంతు మూసుకుపోద్ది" అంది తనలో తాను.

అలా ఎంతసేపు గడిచిందో. ఉన్నట్టుండి వీధిలో పిల్లలూ పెద్దలూ ఒక్కసారే అరిచారు, "మీ లా బీ!" కరెంటొచ్చిందని. కింద జనరేటర్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆఖరిది కూడా ఆగింది. టీవీలు, నీళ్ల మోటార్లు ఇంకా మొదలుకాలేదు. శ్రీదేవి చటుక్కున లేచి మెట్ల మీదికి పరిగెత్తింది, మోటార్ వేయబోయే వాళ్లను ట్రాఫిక్ పోలీసులా చేతులు చాచి ఆపడానికి.

దీదీ రికార్డర్ మీట నొక్కి, ఒక వేలు పైకెత్తింది. ఆ వేలు నాకు తెలుసు. నిశ్శబ్దం కావాలి. పాట అడగడం లేదు, ఇరవై ఏళ్ల కిందట మా బండి దగ్గర పట్టుకున్నట్టే ఈ ఇంటి నిశ్శబ్దాన్ని పట్టుకుంటోంది.

నేను నోరు మూసుకున్నాను, చెయ్యి మాత్రం ఆపలేదు. ఎక్కడో కాకి అరిచింది. బెరడు జరజరమంది. ఆ వరసలో పైడమ్మ మొదలుపెట్టింది. పడవొచ్చె పడవొచ్చె. బియ్యం ఏరుతూనే, మమ్మల్ని చూడకుండానే. భుజం ముందుకు వెళ్లినప్పుడు పాట ముందుకు వెళ్లింది, భుజం వెనక్కొచ్చినప్పుడు ఊపిరి తీసుకుంది. నిన్న నాకు దొరకని చోటు అదే. బస్తా పక్కదాని భుజం మీదికి మార్చే చోట అంతసేపు ఆగుతుంది పాట. రెండు చరణాలు అయ్యాయి. దమ్మీ నా దమ్మీ దుప్పట్ల తొంగో. ఆగింది. నేను తిప్పుతూనే ఉన్నాను. దీదీ వేలు ఇంకా గాలిలోనే ఉంది.

*నువ్వు తొంగున్నావు, నాకు సెలవు సిన్నమ్మా*
*సీకటి వీదంట నానింటికెల్లాల*
*నా పైడి మేలుకొని తడికె సూస్తాది*
*దానికీ ఒక జోల నానే పాడాల*

పాట అయ్యాక పైడమ్మ ఒక రాయి ఏరి వసారాలోంచి బయటికి విసిరింది.

దీదీ వేలు దించలేదు. తన పద్ధతి ప్రకారం కాసేపు నిశ్శబ్దాన్ని పట్టుకుని, అప్పుడు మీట నొక్కింది. కింద మోటార్లు ఒక్కసారిగా మొదలయ్యాయి.

"నేను నిద్రపోతేనే ఆమె ఇంటికి వెళ్లేది" అంది దీదీ.

"మరి? తొంగోకపోతే మీ అమ్మ ఒదిలీదా?" అంది పైడమ్మ. "నువ్వు బేగి తొంగున్న దినం మాయమ్మ బేగి ఒచ్చీది. నువ్వు అల్లరి సేసిన దినం నాను తడికె కాడ కూకోని ఏడిసీదాన్ని. నీ మీద ఎంత కోపంగుండీదో తెల్సా? ఎదురుపడితే జుట్టు పట్టీసుకుందునా అనుకునీదాన్ని."

"నేను కావాలనే మేలుకునేదాన్ని" అంది దీదీ. "నిద్రపోతే వెళ్లిపోతుందని తెలుసు. కళ్లు మూసి దొంగనిద్ర నటించేదాన్ని. ఆమె కొంగు పట్టుకుని ఉండేదాన్ని."

"తెల్సు. కొంగు ఒదిలించుకోడానికి ఎంత యాతనో మాయమ్మ సెప్పీది. నాకు నవ్వొచ్చీది కాదు అప్పుడు." పైడమ్మ పళ్లెం పక్కన పెట్టింది. "నాకూ ఇదే పాట. దమ్మీ అన్నకాడ పైడీ అనీది, అంతే. ఆ ఆకరి ముక్క నాకు పాడీది కాదు, తోవలో పాడుకుంటా ఒచ్చీది. వీది మలుపుకాడ ఇనపడితే వొచ్చీసిందని తడికె తీసీదాన్ని. అందుకే నిన్న నీకు పాడబుద్ది కాలేదు. అది నాది."

పైడమ్మ జరిగి ఆమె పక్కకు వచ్చింది, రాయి మీద నేను తీసిన తనకా వేలితో తీసి దీదీ రెండు బుగ్గలకీ పూసింది.

"నువ్వు తొంగుంటే నాను మేలుకున్నాను, నాను తొంగుంటే నువ్వు మేలుకున్నావు. అమ్మ పాట ఇద్దరం మేలుకొని ఇన్నది ఇదే" అంది.

శ్రీదేవి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "అమ్మమ్మా, నానింటికెల్లాల అంటే ఇదా? ఇన్నేల్లు నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వు అడిగితే కదే! ఎప్పుడూ ఆ ఫోన్లో ముకం ఎట్టుకుంటావు."

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. వచ్చే ముందు అనుమతి కాగితం. ఈసారి శ్రీదేవి దగ్గర కాగితం, పెన్ను తీసుకుని దాన్ని తెలుగులో రాసింది నేను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైడమ్మకు పైకి చదివాను. ఎవరి పాట, ఎవరు పాడారు, ఎక్కడ వినిపిస్తారు, ఆమెకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపమనొచ్చు. ఆమె మధ్యలో ఆపి, "మాయమ్మ పేరు రాసినావా?" అని అడిగింది. సింహాచలమ్మ అన్న చోట వేలు పెట్టి చూపించాను. దీదీ సంచిలోంచి ఇంకుడబ్బా తీయబోయాను. పైడమ్మ నా చేతిలో పెన్ను లాక్కుని, గుండ్రంగా ముత్యాల్లాంటి బర్మా అక్షరాల్లో సంతకం చేసింది. "తెలుగు అచ్చరాలు రావు గానీ, నాను ఇక్కడ బల్లో సదివినాను" అంది. నేను ఇంకుడబ్బాను సంచిలోకే తోసేశాను. శ్రీదేవి నవ్వి నవ్వి కింద కూర్చుంది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే బోటాటౌంగ్ రేవుకి వెళ్లాం. నది ఒడ్డు, పాత గోదాములు, పడవలు. పైడమ్మను టాక్సీలో తీసుకొచ్చింది శ్రీదేవి. సింధీల ఆచారం ఒకటుంది. నీటి దేవుడికి పిండి దీపం వెలిగించి, బియ్యం, చక్కెర నీళ్లలో వదిలి, చివర చీర కొంగు రెండు చేతులా చాచి పాడుతూ అడుగుతారు. తమకే కాదు, అందరి మేలూ అడగాలట. దీదీ ప్రతి ఏడూ పాడేది. ఈసారి కొంగు చాచి నా వైపు చూసింది.

నేను సింహాచలమ్మ పాట పాడాను. చేతులు ఖాళీగా ఉన్నాయని భుజం కొంచెం కదిపాను. ఎదురుగా పడవ మీదికి మనుషులు బస్తాలు మోస్తున్నారు. రెండో చరణంలో ఆగాల్సిన చోట పాట తనంతట తానే ఆగింది. మూడో చరణం దగ్గర పైడమ్మ కలిసింది. దీదీకి గొంతు లేదు, పెదవులు కదిలాయి. శ్రీదేవి పాడలేదు. అయిపోయాక మాత్రం, "ఆంటీ, స్లోగా ఇంకోపాలి" అంది. ఇంకోసారి పాడాను.

వీడ్కోలు దగ్గర పైడమ్మ నాకు ఒక తనకా బెరడు ముక్క ఇచ్చింది. దీదీకి ఏమీ ఇవ్వలేదు, ఆమె కొంగు పట్టుకుని టాక్సీ దాకా నడిచింది. తలుపు వేసేటప్పుడు దీదీయే మెల్లగా ఆ కొంగు ఒదిలించుకోవాల్సి వచ్చింది.

కలకత్తాలో దీదీ బొంబాయి విమానానికి, నేను హౌరాకి. ఆమె చెప్పిన ఆఖరి మాట, దీన్ని కార్యక్రమంగా కూర్చినప్పుడు పాట కింద ఆ ఇంటి నిశ్శబ్దం పరుస్తాను, బెరడు చప్పుడుతో సహా అని. రైలు ఖాళీగా ఉంది. బరంపురం దాటాక మళ్లీ తెలుగు బోర్డులు మొదలయ్యాయి. ఈసారి చదవలేదు, కిటికీ మీద తల ఆనించి పాట వింటూ వచ్చాను. మీరు వెళ్లినప్పుడు పగోడాలు చూడండి, మార్కెట్ చూడండి. కానీ ఒక్క మధ్యాహ్నం ఎవరింట్లోనైనా కూర్చుని వాళ్లు చేస్తున్న పనిలో ఒక చెయ్యి వేయండి. నాకు రంగూన్ అలా దొరికింది.

సాయంత్రం ఇల్లు చేరాను. మర్నాడు పొద్దున లేచి మా సానరాయి కడిగి పెరట్లో పెట్టాను. బండికి ఉల్లిపాయలు కోస్తున్న కోడలు గౌరిని పక్కన కూర్చోమని, బెరడు తిప్పుతూ పాట మొదలుపెట్టాను. దాని ఏడేళ్ల కూతురు బుగ్గలు ముందుకు పెట్టి పూత కోసం నిలబడింది. మొదటి పాలికి గౌరి విన్నది. రెండో పాలికి కత్తిపీట మీద ఆమె చెయ్యి పాట వరసలో పడింది. నాలుగో పాలికి మూడో చరణం తనే ఎత్తుకుని, తప్పు లేకుండా దించింది. ఆరోజు బండి ఆలస్యమైంది. నేను చేతులు కడుక్కుని, కాగితం తీసి, రాయకుండా ఉంచిన ఆ నాలుగు పాదాలూ అప్పుడు రాసుకున్నాను.